తెల్లబడ్డ పసుపు గుడ్డ

పొద్దున్నే బాల్కనీ తలుపు తీశానంటే ముందు పలకరించేది ఆ వాసనే. హన్మకొండలో మేముండే అపార్ట్‌మెంట్ వెనక, నాలుగు కార్లు పట్టేంత జాగాలో ఓ ఈతకొలను కట్టారు. వారానికోసారి మల్లేశం అనే ఆయన వచ్చి అందులో మందు కలిపిపోతాడు, ఆ ఘాటు మూడంతస్తులెక్కి మా ఇంట్లోకి వస్తుంది. ఇంట్లో మిగతావాళ్లు ముక్కు మూసుకుని తలుపు వెయ్యమంటారు. నాకు మాత్రం ఆ వాసన తగిలిందంటే కాలు ఒకచోట నిలవదు, పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మర్చిపోయి బాల్కనీకీ వంటింటికీ మధ్య తిరుగుతుంటాను, ఏదో పని సగంలో వదిలేసి వచ్చినట్టు, ఎవరో పిలుస్తుంటే పలకకుండా దాక్కున్నట్టు. అరవైకి దగ్గరపడుతున్న మనిషిని, మోకాళ్లు వద్దు మొర్రో అంటున్నా వినను. బ్లీచింగ్ పౌడర్ వాసన మిగతావాళ్లకు దవాఖాననో, పెళ్లివారి విడిదినో గుర్తు చేస్తుందేమో గానీ, నాకు మా బాపునూ, బాపు తల్లి మా బాపమ్మనూ, విచ్చుకోకుండానే రాలిపోయిన బంతిమొగ్గలనూ గుర్తు చేస్తుంది.

డెబ్బైల చివరి మాట. హన్మకొండ నుంచి హసన్‌పర్తి పోయే తోవలో, ఇక ఊరు అయిపోయిందనిపించే చోట, ఓ క్లబ్బువాళ్లు కట్టించిన పెద్ద ఈతకొలను ఉండేది. మా బాపు దానికి నీళ్ల మనిషి. కాగితాల మీద ఆ కొలువుకేం పేరు రాశారో నాకు తెలియదు, అందరూ ఆయన్ని నీళ్ల రాజయ్య అనేవాళ్లు. ఇప్పటిలాగా ఫిల్టర్లూ గిల్టర్లూ ఏమీ లేవు. పక్కనున్న క్లబ్బువాళ్ల లోతైన మోటబావికి మోటారు బిగించి, ఒకటిన్నర దినం ఏకబిగిన తోడితే కొలను నిండేది, ఆ నీళ్లనే రెండు వారాలు కాపాడుకోవాలి. కాపాడటమంటే మాటలా? ఎండకు నీళ్లు పచ్చబడతాయి, గాలికి వేపాకులు రాలిపడతాయి, ఈతకొచ్చే పిల్లలు ఒంటికి పట్టించుకున్న కొబ్బరినూనెంతా తెచ్చి అందులో కలుపుతారు. బాపు సాయంత్రం అందరూ పోయాక బ్లీచింగ్ పౌడర్‌ను బకెట్‌లో పిసికి, గంటసేపు తేరనిచ్చి, పైన తేరిన నీళ్లను పాత ధోవతిలో వడగట్టి, గట్టు చుట్టూ తిరుగుతూ కొంచెం కొంచెంగా ఒంపేవాడు. నీళ్లు మసకబారితే పటిక గడ్డల్ని గుడ్డలో మూటగట్టి తాడుతో ఈ చివర నుంచి ఆ చివరకు లాగేవాడు. మెట్ల మీద నాచు కనబడితే చిటికెడు మైలుతుత్తం. ఏదీ కొలిచేవాడు కాదు, అంతా చేతి అంచనా, ముక్కు అంచనా. మధ్యమధ్యలో దోసిట్లో కాసిన్ని నీళ్లు తీసుకుని నాలుక మీద వేసుకుని, పక్కకు ఉమ్మేసి తల పంకించేవాడు.

నీళ్లు బాగున్నాయో లేదో తేల్చడానికి ఆయనకో గుర్తుండేది. మా ఇంట్లో పప్పు గంటె ఒకటి ఎత్తుకుపోయి పన్నెండడుగుల లోతున్న వైపు అడుగున పడేశాడు. గట్టు మీద నిలబడి చూస్తే గంటె కాడ మీది గీతలు కూడా కనబడాలి. కనబడకపోతే ఆ రోజు ఆయనకు అన్నం సయించేది కాదు, తింటూ తింటూ కంచం ముందు నుంచి లేచి గోడ అవతలికి పోయి ఓసారి చూసి వచ్చేవాడు. మా ఇల్లు కొలను గోడకు ఆనుకునే ఉండేది మరి, పెంకుటిల్లు, రెండు గదులు. రాత్రి వాన చినుకులు పడితే మేమంతా చల్లగా ఉందని ముడుచుకుని పడుకునేవాళ్లం, బాపు మాత్రం లేచి కూర్చుని, గుట్ట మీంచి మట్టినీళ్లు దిగి కొలనులో కలుస్తాయేమోనని చెవులు రిక్కించేవాడు. నాకీ నిలకడలేనితనం ఎక్కడి నుంచి వచ్చిందని మా ఆయన ఎప్పుడూ ఎత్తిపొడుస్తాడు. ఎక్కడి నుంచంటే అక్కడి నుంచే.

మా ఇంట్లో రంగు బట్ట నిలిచేది కాదు. బాపు లుంగీలన్నీ మచ్చలమచ్చలుగా తెల్లబడిపోయేవి, ఆయన చెయ్యి తగిలిన తువ్వాలలూ, పక్కబట్టలూ అంతే. ఓసారి నా దసరా గౌను, ఆకుపచ్చ మీద ఎర్రపూలది, బాపు బకెట్ పక్కన ఆరేస్తే మరుసటి రోజుకు ముందువైపంతా సున్నం కొట్టిన గోడలా అయింది. అమ్మ అప్పుడు ఆయన్నేమీ అనకుండా, గోడకు చెప్తున్నట్టు, "ఈ ఇంట్ల ఒక్క రంగు బట్టను బతుకనియ్యది గా మందు" అని గొణిగి, ఆ గౌనును మసిగుడ్డ చేసేసింది. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఆ మందు రంగును తినేస్తుందని తెలియడానికి నాకు ఏ చదువూ అక్కర్లేదు, అన్నం తినడం ఎట్లా తెలుసో అదీ అట్లాగే తెలుసు. ఇది గుర్తుంచుకుంటే తర్వాత నేను చేసిన పని ఎంతటిదో మీకే అర్థమవుతుంది.

గోడకు అవతల, కొలను కంటే పల్లంలో, మాకు ఇరవై గుంటల నేల ఉండేది. దానికి రాణి బాపమ్మ. సన్నగా, వెదురుబద్దలా ఉండేది, కోపమొస్తే ముక్కు చివర చెమట పట్టేది. బంతి, చేమంతి, పొలిమేర కట్టలకు కనకాంబరాలు వేసేది. ఎండాకాలంలో ఊళ్లో బావులన్నీ అడుగంటినా ఆమె తోట పచ్చగా ఉండటానికి కారణం రెండు వారాలకోసారి ఖాళీ చేసే కొలను నీళ్లే. కొలను అడుగున ఓ తూము, తూము నుంచి ఓ చిన్న హౌజు, నీళ్లు నిలిచే సిమెంటు తొట్టి, ఆ హౌజు నుంచి రెండు కాలువలు. ఒకటి రోడ్డు పక్క మోరీకి, ఇంకొకటి బాపమ్మ తోటకు. ఏ కాలువకు మట్టికట్ట వేసి ఏ కాలువను తెరవాలన్నది ఆ తల్లీకొడుకుల మధ్య ఎప్పుడూ తెగని తగాదా.

ఆ తగాదాకు కారణం లేకపోలేదు. నేను బాగా చిన్నగా ఉన్నప్పుడు, కొలను అడుగున పేరుకున్న తెల్లటి బురద నీళ్లతో పాటు దిగి చేమంతి సాలొకటి మాడిపోయిందట. బాపమ్మ ఆ బురదను వేళ్ల మధ్య నలిపి చూసి, ఇది సున్నమేనని తేల్చింది. సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుందని, పారాణి కలిపిన ఏ ఆడమనిషికైనా తెలుసు. అప్పటి నుంచి ఆమె ఓ కట్టడి పెట్టింది. కొలను ఖాళీ చేసే ముందు మూడు రోజులు అందులో ఏ మందూ వెయ్యకూడదు, నీళ్లు ఊరికే ఎండలో ఉండాలి. దీన్ని మేం 'మూడెండలు' అనేవాళ్లం. మూడెండలు తిన్న తర్వాత తూము తీసి, ముందు వచ్చిన నీళ్లను హౌజులో నిలబెట్టి, పసుపు అద్ది ఆరబెట్టిన గుడ్డపేలిక అందులో ముంచి, నూరు లెక్కపెట్టి తియ్యాలి. ఎర్రబడితే నీళ్లు మోరీకి. పసుపు పసుపుగానే ఉంటే తోటకు. బాపు ఎన్నిసార్లు నవ్వినా, ఆ పసుపు గుడ్డ మాట జవదాటేవాడు కాదు, ఎంతైనా ఆమె పసుపు పెట్టిన గడపలో పెరిగినవాడు కదా. నాకు తొమ్మిదో ఏడు వచ్చేసరికి బాపమ్మ కళ్లకు పొరలు కమ్మాయి. గుడ్డ ముంచి లెక్కపెట్టి రంగు చూసి చెప్పే పని నాకప్పగించింది. నా మాట మీద నీళ్లు తిరుగుతాయంటే నాకెంత గర్వమో, నూరు లెక్కపెట్టేదాకా ఒకేచోట గొంతుకూర్చోవాలంటే అంత చిరాకు.

కొలను ఖాళీ చేసే రోజు వాడకట్టు పిల్లలందరికీ పండగే. నీళ్లు మోకాలి లోతుకు దిగేసరికి గోడ దూకి లోపలికి దిగేవాళ్లం. వాలుగా ఉన్న అడుగు మీద మిగిలిన జారుడుకు ఈ చివర కూర్చుంటే జర్రున జారి ఆ చివర తేలేవాళ్లం, లంగాలు పాడైనందుకు ఇంటి దగ్గర వీపులు పగిలేవి. నీళ్లన్నీ పోయాక ఆ గోడల మధ్య కేకేస్తే మాట రెండుసార్లు తిరిగొచ్చేది, ఒకరి పేరు ఒకరం అరుచుకుని గొంతులు పోగొట్టుకునేవాళ్లం. పెద్దవాళ్లు కొబ్బరి పీచుతో, ఇటుక పొడితో గోడలు రుద్దుతుంటే మేం బొగ్గుతో గళ్లు గీసి తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం. అమ్మ గోడ మీంచి జొన్నరొట్టె ముక్కలు, మీద ఉల్లికారం పెట్టి అందించేది. తడి సిమెంటు వాసన, పీచు వాసన, ఉల్లికారం ఘాటు కలిసిన ఆ మధ్యాహ్నాల కోసం నేను రెండు వారాలూ వేళ్లు మడుచుకుంటూ గడిపేదాన్ని.

నా పదకొండో ఏట వానలు మొదట్లో దంచికొట్టి, వినాయక చవితి దాటాక మొహం చాటేశాయి. బతుకమ్మకు ఇంకా పక్షం రోజుల పైన ఉంది. బాపమ్మ ఆ ఏడు తోటంతా బంతి వేసింది, ముద్దబంతి, పసుపుదీ నారింజదీ. ఎందుకంటే సద్దుల బతుకమ్మ నాడు మా వాడకట్టులో ప్రతి ఇంటి తాంబాలంలో తన తోట పూలే ఉంటాయని ఇంటింటికీ పోయి మాటిచ్చింది. అమ్మకానికి కాదు, ఊరికే. అంతకు ముందు చలికాలంలో ఆమెకు జబ్బు చేసి మంచాన పడితే, ఆ వాడకట్టు ఆడవాళ్లే వంతులవారీగా జావ కాచి తెచ్చి బతికించారు. "నా పానం నిలవెట్టిండ్లు, ఒక్క పండుగకన్న నా పూలు వాళ్ల బతుకమ్మల వడాలె" అనేది. రేపో మాపో పోయే కళ్లతో ఇది తన ఆఖరి తోటని ఆమెకు తెలుసనుకుంటాను, అందుకే పొద్దుకు నాలుగుసార్లు పోయి మొగ్గల్ని వేళ్లతో తడిమి లెక్క చూసుకునేది. నేనూ ఆమె వెనకే తిరిగేదాన్ని. నాకూ ఓ లోభం ఉంది. పక్కింటి పిల్ల బతుకమ్మ కంటే నాది జానెడు ఎత్తుండాలని ఆ ఏడంతా నా పట్టుదల, అందుకు తట్టెడు బంతి కావాలి.

చుక్క వాన లేదు. మా తోట బావిలో బొక్కెన వేస్తే బురద వచ్చేది. మొక్కలు మధ్యాహ్నానికల్లా తలలు వేలాడేసి సాయంత్రానికి కష్టంగా లేచేవి. ఎప్పుడు కొలను ఖాళీ చేస్తారా, ఎప్పుడు నీళ్లు దిగుతాయా అని ఇంటిల్లిపాదీ ఎదురుచూపే. సరిగ్గా అప్పుడే బాపుకు జ్వరం తగిలింది. నాలుగు రోజులు మూసిన కన్ను తెరవలేదు, మందు వేసే దిక్కులేక కొలను నీళ్లు చిలకపచ్చ రంగుకు తిరిగాయి. అయిదో రోజు పొద్దున క్లబ్బు సెక్రెటరీ సారు స్కూటర్ దిగాడు. ఈత పోటీలు ఇంకా మూడు రోజులే ఉన్నాయి. బాపు దుప్పటి కప్పుకునే లేచిపోయి గట్టున నిలబడి చూశాడు. గంటె కనబడలేదు సరే, మెట్లే కనబడలేదు.

ఆ రోజు మా బాపు చేసిన పనిని నేను గోడ మీద కూర్చుని చూశాను. పిసకడం లేదు, తేరనివ్వడం లేదు, ధోవతి వడకట్టడం అసలే లేదు. డబ్బా మూత తీసి తట్టలతో పొడిని అట్లాగే చల్లాడు. పటిక గడ్డల్ని పారతో పగలగొట్టి పారబోశాడు. మైలుతుత్తం కూడా చిటికెడు కాదు, దోసెడు. జ్వరంతో ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ ఘాటుకు గోడ మీదున్న నాకే కళ్లలో నీళ్లు కారాయి. సాయంత్రానికి పచ్చదనమైతే పోయింది గానీ, నీళ్లు పాలు విరిగినట్టు తెల్లగా నిలిచాయి. గంటె అప్పటికీ కనబడలేదు. సెక్రెటరీ సారు మళ్లీ వచ్చి, ఇక లాభం లేదు, రేపే ఖాళీ చేసి కొత్త నీళ్లు పట్టమని చెప్పిపోయాడు. మూడెండల మాట ఎత్తే ధైర్యం బాపుకు లేకపోయింది.

మరుసటి రోజు మధ్యాహ్నం బాపు తూము దగ్గరికి పోయేసరికి బాపమ్మ అక్కడ పార పట్టుకుని కూర్చుని ఉంది, పక్కన నేను, నా చేతిలో పసుపు గుడ్డ.

"అవ్వా, ఈ నీళ్లు నీ తోటకద్దు. మందు మస్తు వడ్డది. మోరీలకు పోనీ," అన్నాడు బాపు.

"ఎనిమిది దినాలాయె సుక్క నీళ్లు లేక. మొగ్గలు సూసినవా, ఎట్ల ఏలాడేసినయో? నీ మందు సంగతి నా పసుపు జెప్తది తియ్యి."

బాపుకు వాదించడానికి ఒంట్లో ఓపిక లేదు, పైగా పసుపు మాట మీద ఆయనకూ నమ్మకమే. తూము తీశాడు, నీళ్లు బుసకొడుతూ హౌజులోకి వచ్చాయి. నేను గుడ్డ ముంచి లెక్క మొదలుపెట్టాను. గోడ అవతల అప్పటికే వాడకట్టు పిల్లలు చేరి, సరూపా, సరూపా అని నా పేరు పెట్టి కేకలేస్తున్నారు, నీళ్లు దిగకముందే వంతులు పంచుకుంటున్నారు. నా అరికాళ్లు దురద పెడుతున్నాయి. ముప్పై దాకా సరిగ్గానే లెక్కపెట్టాను, తర్వాత నలభై, అరవై, నూరు. గుడ్డ బయటికి తీశాను.

ఎర్రబడలేదు. నిజంగానే ఎర్రబడలేదు. బాపు వేసిన అంత పటిక ఆ సున్నాన్ని విరిచేసిందని చాలా ఏళ్ల తర్వాత, మా పెద్దమ్మాయి సైన్సు పుస్తకం చదివి వినిపిస్తున్నప్పుడు నాకు తెలిసింది. కానీ గుడ్డ పసుపుగానూ లేదు. అంచులన్నీ తెల్లబడ్డాయి, మధ్యలో మాత్రం వెలిసిపోయిన గడ్డిరంగు మిగిలింది. నా దసరా గౌను తెల్లబడ్డట్టే తెల్లబడింది. అది నేను చూశాను. ఓ క్షణం చూసి, గుడ్డను పిడికిట్లో మడిచాను.

"ఎర్రవడ్డదా బిడ్డా?" అనడిగింది బాపమ్మ.

"లేదు బాపమ్మా, ఎర్రవడలే."

అబద్ధం చెప్పలేదని ఎన్నో ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆమె అడిగిందానికే జవాబిచ్చాను. అడగంది చెప్పి ఉంటే నీళ్లు మోరీకి పోయేవి, తోట ఎండేది, నా బతుకమ్మ పొట్టిదయ్యేది, ఇంకా తల్లీకొడుకుల తగాదా తెగేదాకా నేనక్కడ నిలబడాల్సి వచ్చేది. ఇదంతా ఆ క్షణంలో ఆలోచించానని కాదు. గుడ్డను మోరీ వైపు విసిరేసి గోడ దూకేశాను, అంతే. ఆ రోజు అందరికంటే ఎక్కువసార్లు జారింది నేనే.

బాపమ్మ కాలువ తెరిచి సాలుసాలుకూ నీళ్లు పారించింది. అది చాలక, వాడిన మొగ్గల మీద ప్రేమకొద్దీ చెంబుతో చిలకరించింది కూడా. సాయంత్రానికి మొక్కలన్నీ నిటారుగా లేచి నిలబడ్డాయి. ఆమె వాటి మధ్య నిలబడి నవ్వడం నాకు కనబడింది, బాపు కూడా గోడ మీంచి చూసి జ్వరం మర్చిపోయి బీడీ ముట్టించాడు.

రెండో రోజు ఆకుల అంచులు కాగితంలా తెల్లబడ్డాయి. మూడో రోజు ఆకులు ముడుచుకుని చేత్తో తాకితే పొడి అయ్యాయి. మొగ్గలను బాపమ్మ రోజూ తడిమినట్టే తడమబోతే ఒక్కొక్కటే ఆమె వేళ్లలోకి ఊడివచ్చాయి. ఆమె ఊడినవాటిని కొంగులో వేసుకుంటూ సాలు చివరిదాకా పోయింది. బాపు కొత్తగా నింపిన కొలను నుంచే కావడితో నీళ్లు మోయడం మొదలుపెట్టాడు, మట్టిలో దిగిన మందును కడగాలని. క్లబ్బువాళ్లు చూస్తే ఏమంటారన్న ఫికర్ కూడా లేకుండా పొద్దంతా మోశాడు, జ్వరం దిగని ఒంటితో, కాళ్లు తడబడుతూ. గోడ అవతల పోటీలు జరుగుతున్నాయి, చప్పట్లు వినబడుతున్నాయి, కొలనులో గంటె తళతళా కనబడుతోందట. ఈ వైపు ఒక్క మొక్క కూడా లేవలేదు, నీళ్లు అందని మూల మిగిలిన పది పన్నెండు తప్ప.

"నేను మోరీకే ఇడువాల్సుండె అవ్వా," అన్నాడు బాపు కావడి దించి.

"నీదేం లేదు. పసుపు నేనే సూసిన, ఎర్రవడలే," అంది బాపమ్మ.

నేను వాళ్లిద్దరి మధ్యనే నిలబడి ఉన్నాను. చూసింది తను కాదని, నేనని ఆమెకు తెలియదా? వాడకట్టులో ఎవరడిగినా అదే మాట చెప్పింది, నా కండ్లు పోయినయ్, నేనే సరిగ్గ సూడలే అని. ఒక్కసారి కూడా నా పేరెత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆటకు పోతే మధ్యలో వచ్చేసేదాన్ని, బడిలో కిటికీ పక్కన చోటు కోసం కొట్లాడి సంపాదించి అక్కడా కూర్చోలేకపోయేదాన్ని.

సద్దుల బతుకమ్మ పొద్దున బాపమ్మ నన్ను వెంటబెట్టుకుని హసన్‌పర్తి చెరువు వైపు నడిచింది. ఎవరూ నీళ్లు పోయకుండా, ఎవరూ మందు వెయ్యకుండా చెలకల్లో పెరిగిన తెల్లటి గునుగు, గట్టుల మీది తంగేడు రెండు తట్టలు కోసుకొచ్చాం. ఎప్పుడూ గునుగు కొసలకు ఎరుపూ, ఆకుపచ్చా, ఊదా రంగులు అద్దేవాళ్లం, రంగునీళ్ల గిన్నెల చుట్టూ పిల్లలం కొట్టుకునేవాళ్లం. ఆ ఏడు బాపమ్మ అద్దనివ్వలేదు. పూలు ఇంటింటికీ పంచి, ఇదే ఉన్నదమ్మా అని చెప్పింది. బంతి లేని బతుకమ్మలనే పెట్టుకుని ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. నువ్వుల పొడి, పల్లీల పొడి, సత్తుపిండి, బెల్లం కలిపిన మలీద ముద్దలు, పెరుగన్నం అన్నీ ఎప్పటిలాగే విప్పారు, ఎప్పటిలాగే ఒకరి సద్ది ఒకరికి పంచారు. చేతిలో మలీద ముద్ద పట్టుకుని నేను తెల్లటి నా బతుకమ్మనే చూస్తూ ఉండిపోయాను. అది పక్కింటి పిల్ల బతుకమ్మ కంటే జానెడు ఎత్తుంది.

మరుసటి ఎండాకాలం బాపమ్మ మళ్లీ తోట వేసింది, చిన్నది, ఇంటి వెనక రెండు మడులు. బాపు ఇక కొలను నీళ్లు ఇవ్వనంటే ఇవ్వనన్నాడు, ఆమె పట్టుబట్టింది. మూడు కాదు, అయిదెండలు తిననిచ్చి, తూము దగ్గరికి నన్ను పిలిచింది. నేను రానని మొండికేశాను. చెయ్యి పట్టుకుని లాక్కుపోయి, హౌజు పక్కన కూర్చోబెట్టి, పసుపు గుడ్డ నా వేలికి చుడుతూ, నా మొహం వైపు చూడకుండా, నీళ్ల వైపే చూస్తూ చెప్పింది.

"ఎర్రవడ్డా చెప్పు బిడ్డా. తెల్లవడ్డా చెప్పు."

అంతే. అంటే విసిరేసిన ఆ గుడ్డ ఆమెకు ఎక్కడో దొరికింది, లేదా వేళ్లతో మొగ్గలు తడిమినట్టే నా గొంతు తడిమి ఆ రోజే తెలుసుకుంది. ఆమె ఎట్లా కనిపెట్టిందో నేను అడగలేదు. ఆ రోజు నూరుకు నూరూ లెక్కపెట్టాను, ఒక్క అంకె దాటెయ్యలేదు. గుడ్డ పసుపుగానే ఉంది. ఉందని చెప్పాను. తప్పు నాదేనని మాత్రం చెప్పలేకపోయాను. ఎనభైల్లో కొలనుకు ఫిల్టరు మిషన్ వచ్చింది, నీళ్లు మార్చడం తగ్గింది, తోట కాలువ పూడిపోయింది. బాపమ్మ ఆ తర్వాత రెండేళ్లకు పోయింది. అప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ కొలను ఉన్న చోట ఓ ఫంక్షన్ హాలు ఉంది, బాపమ్మ ఇరవై గుంటలు దాని కార్లు ఆగే జాగా అయ్యాయి. మోటబావి మీద సిమెంటు పలక వేశారు. మొన్న అక్కడే ఓ పెళ్లికి పోతే స్తంభాలకు చుట్టిన బంతిపూలు ఏ ఊరివని అడిగాను, లారీలో వచ్చినయట, ఎక్కడివో చెప్పేవాళ్లు లేరు. హౌజు ఎక్కడుండేదో వెతుకుతూ అన్నం వేళ కూడా మర్చిపోయి కార్ల మధ్య తిరుగుతుంటే మా ఆయన వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు.

ఇదంతా ఇవాళ ఎందుకు రాస్తున్నానంటే, పొద్దున బాల్కనీలోంచి చూస్తే మల్లేశం మా కొలనును ఖాళీ చేస్తున్నాడు. మంచి నీళ్లు మోరీ పాలు చెయ్యడమెందుకని కాబోలు, పైపు తీసి గోడ పొడుగునా ఉన్న నందివర్ధనాల వైపు, పిల్లలు కొత్తగా వేసిన బంతి కుండీల వైపు లాగుతున్నాడు. నిన్ననేగా మందు వేశాడు! లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లు దిగాను. దిగేముందు వంటింట్లో పాత దిండుగలీబు చింపి, తడిపి, పసుపు డబ్బాలో అద్ది తెచ్చుకున్నాను, ఎందుకో నాకే తెలియదు, చేతులు వాటంతటవే చేశాయి.

"ఏందమ్మా, గిట్ల ఉరికొచ్చిండ్లు? వాసన పోయింది గద, మంచిగనే ఉన్నయి నీళ్లు," అన్నాడు మల్లేశం.

జర ఆగమని చెప్పి, మోకాళ్లు కలుక్కుమంటున్నా గట్టున గొంతుకూర్చుని గుడ్డ ముంచాను. నూరు లెక్కపెట్టాను. మల్లేశం నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తూ నిలబడ్డాడు. గుడ్డ తీసి చూస్తే అంచులు అచ్చం అప్పటిలాగే ఉన్నాయి.

"ఎర్రవడలే," అన్నాను, నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "గని తెల్లవడ్డది."

మల్లేశం పైపును కుండీల మీంచి తీసి మోరీలోకి తిప్పాడు. అతనికి నా మాట వినబడింది, అర్థం కూడా అయింది. అయినా తడి గుడ్డ పిడికిట్లో మడవకుండా రెండు చేతులతో విప్పి పట్టుకుని, తెల్లవడ్డది బాపమ్మా, తెల్లవడ్డది అని ఇంకోసారి గట్టిగా చెప్పాను.